సింకులో మొండినీళ్లు

ప్లంబరు ఆమెను మొదటిసారి చూసినప్పుడు అతని తల సింకు కింద ఉంది. అందుకని ముందు కనిపించినవి ఆమె పాదాలే. కుడికాలి బొటనవేలు అదేపనిగా నేలను గీకుతోంది. పక్కన ఇంకో జత పాదాలు. అవి ఒక్కచోట నిలవడం లేదు. అవి ఆమె అక్కవి.

"తమ్ముడూ, పాప గిన్నెలు కడిగే సింకు ఇది. ఇందులోంచి తెల్లనీళ్లు పైకి తన్నుకొస్తున్నాయి. ఏం నీళ్లో, వాటిలో ఏమేం ఉందో" అంది అక్క.

"చూస్తున్నానండీ."

"గిన్నెలన్నీ మూడుసార్లు మరగబెట్టాను. మరగబెడితే పోతుందా అది?"

"ఏది పోతుందా అండీ?"

"అదే, ఆ తెల్లది."

"ముందు అదేంటో తెలియాలి కదండీ."

ఆ మాటతో బొటనవేలు గీకడం ఆగిపోయింది.

ఆ బొటనవేలు గల అమ్మాయి అక్కకు చెల్లెలు. ఆ మూడంతస్తుల భవనంలో పిల్లలంతా ఆమెను ప్రయోగాలక్క అంటారు. పొద్దుట బేకరీలో పిండి తూచే పని, మధ్యాహ్నం నుంచి అక్క కూతుర్ని చూసుకునే పని. శనివారం నాలుగింటి నుంచి ఆరింటి వరకు మాత్రం ఆమె అదే వంటగదిలో టీచరు. పదకొండుమంది పిల్లలు నేలమీద చతికిలబడితే, ఒకే గ్లాసులో కింద తేనె, దానిమీద రంగునీళ్లు, ఆపైన నూనె, ఒకదానితో ఒకటి కలవకుండా నిలబెట్టి చూపిస్తుంది. ఊదారంగు క్యాబేజీ ఉడికించిన నీళ్లలో నిమ్మరసం పిండి గులాబీరంగు చేస్తుంది. వంటసోడా వేసి నీలంగా మారుస్తుంది. ఆమె చదువు పదో తరగతిలో ఆగిపోయింది. అమ్మ మంచం పట్టిన ఏడాది అది. శనివారం నాలుగు నుంచి ఆరు వరకు ఆ సంగతి ఆమెకు గుర్తు రాదు.

మొన్న శనివారం చేసింది మొండినీళ్లు. ఆ పేరు పిల్లలు పెట్టిందే. మొక్కజొన్న పిండి రెండు గ్లాసులు, నీళ్లు ఒక గ్లాసు. గుద్దితే రాయిలా ఎదురు తిరుగుతుంది. మెల్లగా వేలు పెడితే నీళ్లలా దారి ఇస్తుంది. పిడికిట్లో పిసికితే ఉండ అవుతుంది, పిడికిలి విప్పగానే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. పిల్లలు ఉత్సాహం కొద్దీ బేసిన్ నిండా చేశారు.

"ఇది సింకులో పొయ్యకూడదు. ఆరబెట్టి చెత్తబుట్టలో వెయ్యాలి" అని పిల్లలచేత మూడుసార్లు చెప్పించింది తనే. వాళ్లు వెళ్లిన మరుక్షణం లోపల పాప గుక్కపెట్టి ఏడ్చింది. "వస్తున్నావా, వస్తున్నావా" అని అక్క కేకలు. ఆ హడావిడిలో బేసిన్ సింకులో బోర్లించి, పైన రెండు చెంబుల నీళ్లు కొట్టి పరుగెత్తింది.

ఆదివారమంతా ఆ పిండి పైపు మలుపులో నిమ్మళంగా పేరుకుంది. సోమవారం మూడో అంతస్తులో రంగులేస్తున్న పెయింటరు చేతులు కడుక్కుంటే, ఆ నీళ్లు కిందికి దిగే దారి లేక రెండో అంతస్తు సింకులోకి పొంగాయి. అక్క ఫిర్యాదుల పుస్తకంలో ఒక పేజీన్నర రాసింది. ప్లంబరు వచ్చాడు.

ఇప్పుడు అతను ఇనుప తీగను పైపులోకి దూర్చి కసిగా పొడుస్తున్నాడు. పొడిచినకొద్దీ లోపల గోడకు తగిలినట్టు టక్ టక్ అంటోంది.

"ఏవండీ, అలా గట్టిగా పొడవకండి. నెమ్మదిగా తిప్పుతూ పోనివ్వండి" అంది చెల్లెలు.

అతను సింకు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. జుట్టులో సాలెగూడు, ముక్కుమీద మసి.

"ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నానండీ."

"నేనేమన్నాను?"

"నెమ్మదిగా అన్నారు."

"పైపు గురించి అన్నాను."

"పైపు తరఫున మాట్లాడ్డానికి వచ్చారా?"

ఆమె నవ్వు ఆపుకుంది. అతనూ ఆపుకున్నాడు. ఇద్దరూ ఆపుకున్న సంగతి ఇద్దరికీ తెలిసిపోయింది. ఇంతలో పాప లేచి ఏడవడంతో ఆమె లోపలికి పరుగెత్తింది. పాపను భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి సింకులోంచి ఆవిరి లేస్తోంది.

"ఏం పోశారు?"

"వేడినీళ్లండీ. నూనె జిడ్డు పట్టి ఉంటే కరుగుతుంది. మేడంగారి దగ్గర మరుగుతున్న నీళ్లు రెడీగా ఉన్నాయి."

అక్క ఇంట్లో మరుగుతున్న నీళ్లు ఎప్పుడూ రెడీగానే ఉంటాయి. పాప పుట్టినప్పటినుంచి పొయ్యి ఆరిన పాపాన పోలేదు.

"మొత్తం పోసేశారా?"

"రెండు గిన్నెలు. ఏం?"

"ఏం లేదు."

ప్లంబరు తీగను బయటికి లాగాడు. కొసకు తెల్లగా, జిగురుగా ఒక ముద్ద అంటుకుని వచ్చింది. వాసన చూశాడు. రెండు వేళ్లతో సాగదీశాడు. తర్వాత పైకప్పు వైపు చూశాడు.

"పుట్టీ అండీ. పైన గోడలకి పూస్తున్నారుగా. సింకులో కడిగేసినట్టున్నారు."

"నేను ముందే అనుకున్నాను" అంది అక్క.

చెల్లెలు పాప వీపు తడుతూ, తన వీపు గోడకు ఆనించి నిలబడిపోయింది.

ఆ భవనానికి సెక్రటరీ గారు ఒక రిటైరైన హెడ్ క్లర్కు. ఆయన ఫిర్యాదుల పుస్తకంలో నాలుగు గడులుంటాయి. తేదీ, ఫ్లాటు, ఫిర్యాదు, చేసిన పని. కొట్టివేతలకు వీల్లేదు, ఏ గడీ ఖాళీగా వదలడానికి వీల్లేదు. ప్లంబరు ఆ పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాశాడు: పై అంతస్తు పెయింటరు పోసిన పుట్టీ వల్ల పైపు మూసుకుపోయింది. గోడ పగలగొట్టి మార్చాలి.

సాయంత్రం చెల్లెలు బట్టలు తెద్దామని మేడ ఎక్కుతుంటే, మెట్లమీద పెయింటరు నిచ్చెన మడుస్తూ కనిపించాడు. గడ్డం మీద కూడా రంగు చుక్కలున్న పెద్దాయన.

"బాబాయ్, ఇంకా ఒక గది మిగిలిందన్నారుగా?"

"ఇక రావద్దన్నారమ్మా. బుధవారం గోడ పగలగొడతారట. నా మూలంగానే అట." ఆయన నిచ్చెనకి తాడు కట్టాడు. "ముప్పయ్యేళ్లుగా పుట్టీ బకెట్లోనే కడుగుతున్నాను. సింకులో పొయ్యకూడదని నాకు తెలియదా?"

తెలిసి కూడా పోసిన మనిషి ఆయన ఎదురుగానే నిలబడి ఉంది.

మంగళవారం పొద్దున ఆమె బేకరీకి గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, మూతపెట్టిన స్టీలు గిన్నె పట్టుకుని వీధి చివర ప్లంబరు షాపుకు వెళ్లింది. ఒక గోడకి పైపులు నిలువుగా ఆనించి ఉన్నాయి. ఇంకో గోడకి కుళాయిలు వరసగా, తప్పు చేసినట్టు తలలు వంచుకుని వేలాడుతున్నాయి. అతను రబ్బరు వాషర్లను సైజులవారీగా డబ్బాల్లో వేస్తున్నాడు.

"ఎవరికండీ క్యారేజీ?"

"మీకే. గుద్దండి."

"ఏంటి?"

"పిడికిలి బిగించి ఇందులో గుద్దండి. మీ కోపమంతా చూపించండి."

"నాకు కోపమేంటండీ?"

"నిన్న నెమ్మదిగా అన్నానుగా."

అతను అటూ ఇటూ చూసి గుద్దాడు. పిడికిలి చెక్కమీద పడ్డట్టు ఆగిపోయింది. ఒక్క చుక్క కూడా చిందలేదు.

"ఇప్పుడు వేలు పెట్టండి. మెల్లగా."

వేలు మునిగిపోయింది. అతను వేలు తీసి చూసుకున్నాడు. మళ్లీ గుద్దాడు. మళ్లీ వేలు పెట్టాడు. ఒకసారి ఎడమచేత్తో, ఒకసారి స్పానరు వెనకవైపుతో. ఎనిమిదేళ్ల అనుభవం ఆ మొహంలోంచి ఎటో వెళ్లిపోయింది. శనివారం పిల్లల్లో కూర్చోబెడితే ఇట్టే కలిసిపోయేలా ఉన్నాడు.

"ఏంటండీ ఇది?"

"మొక్కజొన్న పిండి, నీళ్లు. శనివారం మా సింకులో పోసింది ఇదే. నేనే పోశాను."

వేలు గిన్నెలోనే ఉండిపోయింది.

"అంటే నేను పొడిచినకొద్దీ..."

"గట్టిపడింది."

"మరి వేడినీళ్లు?"

"గంజి కాచినట్టయింది. కిలో పిండి, పైపులో."

అతను గబుక్కున వేలు లాగాడు. గిన్నె కూడా వేలితో పాటు లేచొచ్చింది.

"నెమ్మదిగా" అంది.

"ఆ మాట మీరిక అనకండి."

ఈసారి ఇద్దరూ నవ్వు ఆపుకోలేదు. కాసేపటికి అతనే ముందు తేరుకున్నాడు.

"నిన్నే చెప్పొచ్చుగా?"

"ఇవాళ ఆరింటికి కింద మీటింగు ఉంది. శనివారాలు నాకు కామన్ రూము ఇమ్మని అర్జీ పెట్టుకున్నాను. మా వంటగది చాలట్లేదు, అక్కకి పాపతో ఇబ్బంది. ఇస్తారా లేదా ఇవాళ తేలుస్తారు. పైపు మూసింది నేనే అని తెలిస్తే గది మాట అటుంచి, అసలు ప్రయోగాలే మానెయ్యమంటారు." ఆమె గిన్నెమీద మూత పెట్టింది. "నన్ను టీచర్ అని పిలిచేది ఆ పదకొండుమందేనండీ."

అతను వాషరు ఒకటి వేలికి తొడుక్కుని తిప్పుతూ ఉండిపోయాడు.

"పుట్టీ అని రాసింది నా చెయ్యి. దాన్ని ఉడకబెట్టిందీ నేనే. బాబాయ్ పని పోవడంలో సగం వాటా నాది. ముందు పైపు తెరుద్దాం. మూడింటికి వస్తాను."

ఆమె మెట్లు దిగుతుంటే వెనకనుంచి అన్నాడు.

"ఆలోచిస్తే మీరు కూడా ఈ నీళ్లలాంటి వారేనండీ. గట్టిగా మాట్లాడితే ఎదురు తిరుగుతారు, మెత్తగా అడిగితే..."

"నేను మనిషినండీ. పిండిని కాదు."

"సరేనండీ." అతని చెవులు ఎర్రబడ్డాయి. తొడుక్కున్న వాషరు వేలినుంచి రాక మధ్యాహ్నం దాకా ఇబ్బందిపడ్డాడు.

అక్కకు చెప్పడం అంతకన్నా కష్టమైంది.

"అంటే పోసింది నువ్వు. పేజీన్నర ఫిర్యాదు రాసింది నేను" అంది అక్క.

"అవును."

"అందులో 'ఇంత బాధ్యత లేని మనుషులు ఎవరో' అని కూడా రాశాను."

"చదివాను."

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే అది రాసేదాన్నా? కొట్టెయ్యడానికి కూడా లేదు."

మూడింటికి ప్లంబరు చేత్తో నొక్కే చిన్న పంపుతో సింకులో నిలిచిన నీళ్లన్నీ తోడేశాడు. పైనున్నవాళ్లను సాయంత్రం దాకా నీళ్లు వాడొద్దని బతిమాలి వచ్చాడు. బయట అప్పుడే వాన మొదలైంది. మేడమీద ఆరాల్సిన పాప బట్టలన్నీ వంటగదిలో తాడుమీదికి వచ్చేశాయి. అరచేతంత చొక్కాలు, చేమంతిపువ్వంత టోపీలు. అతను వాటికింద వంగి వంగి నడుస్తున్నాడు.

"యాసిడ్ పోస్తే పోతుందేమో" అన్నాడు.

"నా బిడ్డ ఉన్న ఇంట్లో యాసిడా?" అక్క పాపను రెండు చేతులా అదుముకుంది. "తమ్ముడూ, ఆ మాట ఇంకోసారి అనకు."

"సరేనండీ, అనను. మీరు నన్ను తమ్ముడూ అనకండి మేడం."

"ఎందుకు?"

"ఊరికే."

అక్క చెల్లెలి చెవిలో గొణిగింది. "చూశావా పొగరు. వరస కలిపితే నచ్చలేదట."

చెల్లెలికి ఆ వేళ వరసల సంగతి ఆలోచించే తీరిక లేదు. పొయ్యిమీద పాప జావ ఉడుకుతోంది. గరిటె నిలబడేంత చిక్కగా అయింది. అక్క గిన్నె దించి, అది కాస్త చల్లారాక, అలవాటు కొద్దీ చిన్న డబ్బాలోంచి ఒక చెంచా పొడి తీసి కలిపింది. గోధుమలు మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరిన పిండి అది. రెండు నిమిషాలు తిప్పేసరికి జావ పలచబడి గరిటెనుంచి జారింది. పాపకి మింగుడుపడాలని రోజూ చేసే పనే.

చెల్లెలు ఆ గరిటె వైపే చూస్తూ నిలబడింది.

"అక్కా, ఆ డబ్బా ఇవ్వు."

"ఎందుకు?"

"పైపులో ఉన్నదీ జావే."

అక్క డబ్బాను వెనక్కి దాచుకుంది. "నెలకు సరిపడా పిండి. వారం పట్టింది మొలకెత్తించడానికి. గింజ గింజా ఏరాను."

"నేను మళ్లీ ఏరిపెడతానే. ముందు రెండు గ్లాసుల్లో చూద్దాం."

ఒక గ్లాసులో పచ్చి మొండినీళ్లు, ఇంకో గ్లాసులో వేడినీళ్లు పోసి ఉడికించిన ముద్ద. రెండింట్లోనూ చెరో చెంచా మొలకల పిండి, గోరువెచ్చని నీళ్లు. ముగ్గురూ గ్లాసులచుట్టూ తలలు వంచారు. పది నిమిషాలకి పచ్చిది అలాగే అడుగున మొండికేసి కూర్చుంది. ఉడికిన ముద్ద మాత్రం మెల్లగా వదులై, మజ్జిగలా పలచబడింది.

ఆమె రెండో గ్లాసు ఎత్తి వెలుగులో పట్టుకుంది.

"మీరు వేడినీళ్లు పొయ్యకపోతే ఇది పనిచేసేది కాదు" అంది.

"అంటే నేను చేసిన తప్పు మంచిదేనా?"

"తప్పు తప్పే. కానీ నా తప్పు ఒక్కటే ఉంటే గోడ పగిలేది."

అతను ఆ గ్లాసు అందుకుని, ఎవరో బహుమతి ఇచ్చినట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

మిగిలింది నీళ్ల వేడి. మరీ వేడైతే మొలకల పిండిలో ఉన్న గుణం చచ్చిపోతుంది, చల్లగా ఉంటే నిద్రపోతుంది అంది చెల్లెలు. అప్పుడు అక్క ముందుకొచ్చింది. చీర కొంగు దోపి, బకెట్లో మోచెయ్యి ముంచింది.

"ఇది పాప స్నానానికి సరిపోయే వేడి. ఎంత కావాలి?"

"ఇంకొంచెం ఎక్కువ."

"ఇంకో చెంబు వెయ్యి. ఆగు. చాలు." ఆ మోచేతిని మించిన కొలత ఆ భవనంలో లేదు. అక్క తన డబ్బాను తనే బోర్లించి కలిపింది. తర్వాత కాసేపు ఖాళీ డబ్బా వైపు చూసి, మూతపెట్టి, పాపతో గదిలోకి వెళ్లిపోయింది.

అతను ఆ నీళ్లను సింకులో సన్నటి ధారగా వదిలాడు. ఇక కూర్చుని ఎదురుచూడడమే. ఇద్దరూ సింకు కింద గోడకి ఆనుకుని కూర్చున్నారు. తాడుమీదినుంచి చిన్న మేజోళ్ల జత అతని నెత్తిమీద వేలాడుతోంది. కిటికీ అద్దంమీద వాన జారుతోంది. అతను స్టీలు గ్లాసు ఒకటి పైపుకి ఆనించి, దానికి చెవి పెట్టాడు.

"ఏమంటోంది?"

"ఇంకా ఏమీ అనట్లేదు."

"నాకివ్వండి. పైపు తరఫున మాట్లాడేది నేనేగా."

ఆమె విన్నది. తర్వాత అతను విన్నాడు. గ్లాసు అటూ ఇటూ మారి మారి చివరికి మధ్యలో నిలిచింది. రెండు తలలు రెండువైపులనుంచి దగ్గరికొచ్చాయి. అతని దగ్గర ఇనుము వాసన, ఆమె దగ్గర బేకరీ వాసన.

"పదో తరగతిలో సైన్సులో ఎన్ని వచ్చాయండీ?" అన్నాడు.

"పరీక్ష రాయలేదు. ఆ రోజు అమ్మ ఆసుపత్రిలో ఉంది."

"నాకు వచ్చినవి నలభై. మీరు చెప్పి ఉంటే ఇంకా వచ్చేవి."

ఆమె ఏదో అనబోయింది. అప్పుడే గ్లాసులో గుడగుడమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఇంకోసారి గుడగుడ. ఆ తర్వాత ఎవరో పెద్ద గుక్కవేసి మింగినట్టు చప్పుడై, సింకులో నిలిచిన నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోయాయి. అతను చప్పున లేవబోయి తాడుకి తగిలాడు. మేజోళ్లు నెత్తిమీద పడ్డాయి.

"తియ్యనా?" అందామె.

"ఉండనివ్వండి."

గోడ గడియారంలో అయిదున్నర. అతను పనిముట్లు సర్దుకుంటూ గొంతు తగ్గించాడు.

"ఇక గోడ పగలగొట్టక్కర్లేదు. పైపు దానంతటదే బాగైందంటే ఎవరూ ఏమీ అడగరు. మీ గది మీకొస్తుంది."

"బాబాయ్ పేరు పుస్తకంలో ఉంది."

"ఉంది."

"మరి మీరెందుకలా అన్నారు?"

"అనకపోతే అదే ఆలోచన మీకు తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుందని. నా నోట వస్తే కాదనడం తేలిక కదా."

ఆమె అతని వైపు మొదటిసారి తిన్నగా చూసింది. నెత్తిమీద మేజోళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.

కామన్ రూములో ఇరవైమంది దాకా చేరారు. ప్లంబరే ఫోన్ చేసి రమ్మన్నందుకు పెయింటరు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సెక్రటరీ గారు అర్జీ చేతిలోకి తీసుకోగానే ఆమె లేచింది.

"అర్జీ చదివేముందు ఒక మాటండీ. పైపులో పోసింది పుట్టీ కాదు. మొక్కజొన్న పిండి. పొయ్యకూడదని తెలిసి కూడా నేనే పోశాను. నిన్న బాబాయ్‌ని అంటుంటే నోరు మూసుకున్నాను."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. వెనకనుంచి ప్లంబరు కూడా లేచాడు.

"దాన్ని వేడినీళ్లతో ఉడికించింది నేనండీ. పుట్టీ అని తప్పు రాసిందీ నేనే."

"రాసింది కొట్టెయ్యడానికి లేదు" అన్నారు సెక్రటరీ గారు.

"కింద రాస్తానండీ."

"రాయండి. ఇద్దరూ రాయండి. పెయింటరు గారి పేరు దగ్గర క్షమాపణ అని స్పష్టంగా ఉండాలి."

ఇద్దరూ ఒకే పెన్నుతో రాశారు. పెయింటరు బాబాయ్ అది అందరికీ వినబడేలా చదివించుకుని, తీరిగ్గా తల ఊపాడు.

"సరేనమ్మా. రేపు నిచ్చెన మళ్లీ మొయ్యాలి, అదొక్కటే బాధ. మా మనవరాలికి ఏడేళ్లు. శనివారం పంపిస్తే చేర్చుకుంటావా?"

ఆమె సెక్రటరీ గారి వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఈ గదిలో సింకు ఉందా?"

"లేదండీ."

"కుళాయి?"

"లేదండీ."

"తూము?"

"అదీ లేదండీ."

"మరైతే నీ వంటగదిలో కన్నా ఇక్కడే మాకు క్షేమం. శనివారం నాలుగు నుంచి ఆరు. ఒక షరతు. క్లాసు అయ్యాక పైపులన్నీ బాగున్నాయని తెలిసినవాళ్లెవరైనా చూసి, పుస్తకంలో సంతకం పెట్టాలి. వారం వారం."

"నేను వస్తానండీ" అన్నాడు ప్లంబరు. ఎవరూ అడగకముందే.

వచ్చాడు. మొదటి శనివారం పుస్తకంలో రాశాడు: పైపులు బాగున్నాయి. రెండో శనివారం: పైపులు బాగున్నాయి. పాలలో రంగుచుక్కలు వేసి సబ్బు తాకిస్తే అవి పరుగెత్తాయి. మూడో శనివారం అర పేజీ రాశాడు. అందులో పైపుల గురించి ఒక్క ముక్కే. సెక్రటరీ గారు పిలిచి, ఇది నోటుపుస్తకం కాదని మందలించారు. ఆ మూడువారాలూ అక్క "తమ్ముడూ, టీ తాగుతావా" అంటూనే ఉంది. అతను టీ తాగాడు కానీ మొహం మాత్రం ప్రతిసారీ మాడ్చుకున్నాడు.

ఐదో ఆదివారం పొద్దున సెక్రటరీ గారు పుస్తకంతో పైకొచ్చారు. నాలుగు మెట్లు కింద ప్లంబరు నిలబడి ఉన్నాడు. ఈసారి చేతిలో పనిముట్ల సంచి లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది.

"మీ ఫ్లాటు మీద ఫిర్యాదు వచ్చింది. చేసిన పని గడి ఖాళీగా ఉంది. ఖాళీగా వదలడానికి లేదు" అన్నారు సెక్రటరీ గారు.

అక్క పుస్తకం లాక్కుని పైకి చదివింది. "'ఈ భవనానికి వారానికి రెండు గంటలే రాగలుగుతున్నాను. మిగతా రోజులన్నీ చాలా ఇబ్బందిగా ఉంది. రెండో అంతస్తు టీచర్ గారు దయచేసి తగిన చర్య తీసుకోగలరు.'" ఇంకోసారి మనసులో చదువుకుని, లోపల పేపరు చదువుతున్న భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ముందు ఆ పేపరు దించండి."

బావ పేపరు దించాడు. "నాకు రెండోవారమే తెలుసు. బాగున్న పైపుని చూడ్డానికి ఎవడూ ఇస్త్రీ చొక్కా వేసుకుని రాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వా అబ్బాయిని కూడా మూడుసార్లు మరగబెట్టేదానివి."

అక్క బావను వదిలేసి చెల్లెలి వైపు తిరిగింది. "నీ ఇష్టం ఏంటే?"

చెల్లెలు చెయ్యి చాపింది. "పెన్ను."

గుమ్మానికి పుస్తకం ఆనించి, ఖాళీ గడిలో రాసింది. సెక్రటరీ గారు కళ్లద్దాలు సర్దుకుని చదివారు: పరిశీలించడమైనది. నాకు సమ్మతమే.

"భాష బాగుంది. కింద సంతకం, హోదా" అన్నారు.

ఆమె సంతకం చేసింది. దాని కింద, కాస్త ఆగి, టీచర్ అని రాసింది.

అక్క మెట్లవైపు నడిచింది. నాలుగు మెట్లపైన నిలబడి అతన్ని తలనుంచి కాళ్లదాకా చూసింది.

"తమ్ముడూ అనొద్దన్నది ఇందుకా?"

"అవునండీ."

"నేను పొగరనుకున్నాను." అక్క ఒక మెట్టు దిగింది. "మా చెల్లెలు చిన్నప్పుడే చాలా మోసింది. అది గుర్తుంచుకోండి. ఇంక పాపని ఎత్తుకోవాలంటే ముందు చేతులు కడుక్కోవాలి. సబ్బుతో. లోపలికి రండి, మరిదిగారూ."

అతను వంటగదిలోకి వెళ్లి సింకు దగ్గర చేతులు కడుక్కున్నాడు. నీళ్లు గలగలా దిగిపోయాయి. అలవాటు కొద్దీ వంగి సింకు కింద చూశాడు. పైపు పొడిగా ఉంది. దాని పక్కనుంచి రెండు జతల పాదాలు కనిపించాయి. ఒక జత ఎప్పటిలాగే ఒక్కచోట నిలవడం లేదు. ఇంకో జత మాత్రం, బొటనవేలితో సహా కదలకుండా, అతను లేచేదాకా అక్కడే నిలబడి ఉంది.